ఉతికిన గౌను

సబ్బుపొడి వాసన తగిలితే నా చేతులు నీళ్లలో కాసేపు ఆగిపోతాయి. ఈ ఉదయం మనవరాలి బడి బట్టలు నానబెడుతుంటే మళ్లీ ఆగాయి. ఆ నురగలో ఒక పసుపు గౌను కనిపించినట్టయింది, వెంటనే శాంతమ్మ సిస్టర్ గుర్తొచ్చింది. ఇబ్రహీంపట్నంలో మా పక్కింట్లో అద్దెకుండేది, దవాఖానలో నర్సు. ఆమె పోయి రెండేళ్లయింది.

నేను బడి మొహం చూడలేదు. మా బాపు ఇంట్లోనే బైబిలు ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు. మురికిని నీళ్లతో, దుఃఖాన్ని ప్రార్థనతో కడుక్కోవాలన్నదే నాకు తెలిసిన చదువు. ఎదురింటి లక్ష్మి కొంగరకలాన్‌లో ఫ్యాక్టరీ పనికి పోతే, ఆమె ఏడేళ్ల కూతురిని నేనే చూసుకునేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల వాళ్ల మేడ మెట్లు దిగి వచ్చి, పైన ఉండే ఓనరు తమ్ముడు తనను ఏం చేశాడో నాలుగు మాటల్లో చెప్పింది. ఆ మాటలు ఇక్కడ రాయలేను. పండుగ పూట నేను అన్నం పెట్టిన మనిషి వాడు. మా ఇళ్లలో పిల్ల జడుసుకుంటే ఏం చేస్తామో అదే చేశాను. వేపాకు, పసుపు వేసిన వేడినీళ్లు తలమీద పోశాను. గౌను రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేశాను. ఆ తర్వాత మోకరించాను.

లక్ష్మికి ఫోను చేసి సిస్టర్‌ను పిలిచాను. సిస్టర్ పిల్లను పలకరించి, నా వైపు తిరిగింది.

"బట్టలేవి?"

"ఉతికిన సిస్టర్. మంచిగ ఉతికిన."

ఆమె తీగ మీది గౌను చూసి గోడకు ఆనుకుని కూలబడింది. "అయ్యో, సాక్ష్యమంత మోరీల పోసినవ్ గదనే," అంది మెల్లగా. మరుక్షణమే లేచింది. "సరే, దవాఖానకు నడువు. గౌను గట్లనే తీస్కపోదాం. పిల్ల మాటుంది గద."

పోలీసు కేసు పెట్టాం, కానీ పిల్ల మాట ఒక్కటే మిగిలింది. పరీక్ష రిపోర్టులో ఏ ఆనవాళ్లూ దొరకలేదని వచ్చింది. కోర్టులో వాడి వకీలు, "అంత జరిగితే ఎవరైనా బట్టలు ఉతుకుతారా?" అని నన్నే అడిగాడు. నేరం రుజువు కాలేదని వాడిని వదిలేశారు. వాడు మా ముందు నుంచే నడిచి వెళ్లాడు.

బయట పిల్ల నా కొంగు లాగింది. "అవ్వా, నేను అబద్ధం చెప్పిన్నా?"

సిస్టర్ కింద కూర్చుని పిల్ల చేతులు పట్టుకుంది. "లేదు బిడ్డా. నువ్వు నిజమే చెప్పినవ్. గా నిజం చూపెట్టనీకి మా పెద్దోళ్ల దగ్గర ఏం లేకుండె. తప్పు మాది."

ఆ వారమే ఆమె నన్ను మన్నెగూడలో ఆడవాళ్ల సంఘం మీటింగుకు తీసుకుపోయింది. జరిగింది అందరికీ చెప్పమంది. నాకు సిగ్గు, భయం.

"నువ్వే చెప్పు. నర్సు చెప్తే తలకాయలూపుతరు. ఉతికినామె చెప్తే యాదికుంటది."

చెప్పాను. తానం పోయకండి, బట్టలు ఉతకకండి, ప్లాస్టిక్ కవరులో కాకుండా పేపరులో చుట్టండి, వెంటనే దవాఖానకు తీసుకెళ్లండి. ఆమె ఉన్నన్నాళ్లూ పక్కన కూర్చుంది. ఇప్పుడు ఒక్కదాన్నే పోతున్నాను. నన్ను తిట్టకుండా నా తప్పుకు ఒక పని చూపించిన మనిషిని ఇచ్చినందుకు దేవునికి రోజూ దండం పెట్టుకుంటాను.

పోయిన నెల మన్నెగూడ నుంచి ఒకామె కూతురి చేయి పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. చంకలో పాత పేపరు పొట్లం.

"పెద్దమ్మా," అంది, "ఉతకలే."

నేను ముందు పొట్లం ముట్టలేదు. సిస్టర్ లాగే కింద కూర్చుని, ఆ పిల్ల చేతులు పట్టుకుని, "నువ్వు చెప్పింది నేను నమ్ముతున్న బిడ్డా," అన్నాను. తర్వాత చెప్పులేసుకుని వాళ్ల వెంట దవాఖానకు నడిచాను.