మాట తెగకుండా పరుగు

ఇది ఒక మహాగాథ. ఇందులో దట్టమైన అడవి ఉంది, పొంగి పొర్లే వాగు ఉంది, మానని గాయం ఉంది, విధికి ఎదురు నిలిచి పరిగెత్తిన ఒక యువకుడు ఉన్నాడు.

ఇక సవరణలు. వాగు మోకాలి దాకానే వచ్చింది. అడవిలో సగం జామాయిల్ తోట, వరసలు లెక్కపెట్టుకోవచ్చు. గాయం చీలమండకి, అదీ మూడొంతులు మానింది. యువకుడు పరిగెత్తిన మాట నిజమే గానీ, అదే దారిన నడిచి వెళుతున్న ఒక ముసలామె అతన్ని దాటేసింది. విధి ఆ పూట సెలవు పెట్టినట్టుంది.

కొత్తగూడెం నుంచి భద్రాచలం వెళ్ళే రోడ్డు మీద ఒకచోట బస్సు దిగి, కుడివైపు లోపలికి వెళితే వచ్చే ఊరికి నేను పంచాయతీ కార్యదర్శిని. మాది మధిర. రెండూ ఒకప్పుడు ఒకే జిల్లా కాబట్టి ఒకే ప్రాంతం అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని చేరాను.

కాలి సంగతి అందరూ అడుగుతారు. అడవి దగ్గర ఉద్యోగం అనగానే ఎలుగుబంటి అయినా తరిమి ఉండాలని ఆశపడతారు. జరిగింది వేరు. జూన్ చివర మొక్కలు నాటించాం. నాటిన వరస మొత్తం ఒకే ఫోటోలో పడాలి, అప్పుడే పైవాళ్ళు ఒప్పుకుంటారు. వరస పొడుగు, ఫోను చిన్నది. ఒక అడుగు వెనక్కి వేశాను. ఇంకో అడుగు వేశాను. మూడో అడుగు కింద గుంత ఉంది. దాన్ని తవ్వించింది నేనే. లోతు అడుగున్నర ఉండి తీరాలని పట్టుబట్టిందీ నేనే. కూలీలు పాపం అడుగుతో సరిపెడదామన్నారు. వాళ్ళ మాట వినుంటే బెణుకుతో పోయేది. ఎముక చిట్లింది. ఫోటో మాత్రం బాగా వచ్చింది, చివర్లో ఆకాశం కూడా పడింది.

ఆరు వారాలు పిండికట్టుతో మధిరలో ఉన్నాను. కట్టు కాలుతోనే ఒక సాయంత్రం స్టేషన్‌కి వెళ్ళి ప్లాట్‌ఫాం చివరి బెంచీ మీద కూర్చున్నాను. కాలేజీ రోజుల్లో నలుగురం రోజూ కూర్చున్న బెంచీ అది. ఇప్పుడు ఒకడు హైదరాబాద్, ఒకడు విజయవాడ, మూడోవాడు ఊళ్ళోనే ఉన్నాడు గానీ పెళ్ళయింది. బోనకల్ వైపు నుంచి వచ్చే పాసింజరు ఎప్పటిలాగే ఆలస్యంగా వచ్చింది. పాత అలవాట్లు నిలబెట్టుకున్నది అదొక్కటే. ఒక టీ తాగి ఇంటికొచ్చేశాను.

అయినా ఆగస్టులో మళ్ళీ డ్యూటీలో చేరిన వారానికే ఆరోగ్య కారణాల మీద బదిలీకి దరఖాస్తు పెట్టాను. మధిరలో నాకోసం ఎవరూ ఎదురుచూడటం లేదని తెలిసే పెట్టాను. ఎలాగూ ఒంటరిగా ఉండాల్సి వస్తే కనీసం సొంత యాసలో ఉండొచ్చు కదా అనిపించింది.

ఇక్కడి మనుషులు చెడ్డవాళ్ళేం కాదు. పది గంటల నుంచి ఐదింటి దాకా నాతో మాట్లాడని మనిషి ఉండడు. నీళ్ళు రావట్లేదని, వీధిలైటు వెలగట్లేదని, పుట్టినరోజు కాగితం కావాలని. ఐదున్నరకి ఆఖరి బస్సు వెళ్ళిపోతుంది. ఆ తర్వాత ఊరంతా నాకు తెలిసినవాళ్ళే, నాతో పనున్నవాళ్ళు మాత్రం ఎవరూ ఉండరు. పని లేని మాట ఒక్కటి నాతో మాట్లాడిన మనిషి నేను చేరిన ఏడాదిన్నరలో లేడు. నేనుండేది ఎరువుల కొట్టు వెనక కిరాయి గది. కొట్టు యజమాని కూడా యూరియా స్టాకు గురించే మాట్లాడతాడు.

ఖమ్మంలో ఫిజియోథెరపీ చేసినాయన సెప్టెంబర్‌లో పరుగు మొదలుపెట్టమన్నాడు. "తారురోడ్డు వద్దు, మెత్తటి నేల మీదే. పక్కమనిషితో మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత నెమ్మదిగా వెళ్ళాలి. మాట తెగిందంటే స్పీడు ఎక్కువైనట్టు లెక్క."

"పక్కన మనిషి లేకపోతే అండీ?"

"ఎవరో ఒకర్ని తీసుకెళ్ళండి" అని తర్వాతి పేషెంటుని పిలిచాడు.

ఎవరో ఒకరు దొరకలేదు. అందుకని పొద్దున్నే ఆరింటికి అడవి దారిలో నాతో నేనే పైకి మాట్లాడుకుంటూ పరిగెత్తేవాణ్ణి. ఏం మాట్లాడాలో తోచక గ్రామసభ ఎజెండా చదివేవాణ్ణి. "అంశం ఒకటి, మురికి కాల్వల పూడికతీత. అంశం రెండు, వాగు దారికి మొరం పోయించుట." జామాయిల్ చెట్లు ఏకగ్రీవంగా ఆమోదించేవి.

ఆ దారి గురించి నిజం చెప్పాలి. అది దారి కాదు, బురద. ఊరికీ వాగుకీ మధ్య రెండు కిలోమీటర్లు నల్లరేగడి. వాన పడిన మర్నాడు అడుగు వేస్తే చీలమండ దాకా దిగుతుంది, తీస్తే ముద్దు పెట్టినట్టు చప్పుడు చేస్తుంది. వంద గజాలు వెళ్ళేసరికి బూటు కింద మట్టి పేరుకుని నేను రెండంగుళాలు పొడుగయ్యేవాణ్ణి. ఆ ఎత్తు నాకు బాగుండేది. వాన ఆగిపోయాక కూడా టేకు చెట్ల కింద పావుగంట సేపు వాన కురుస్తూనే ఉండేది. పెద్ద పెద్ద చుక్కలు మెడ మీద పడేవి. ఆ మెత్తదనంలో కాలు నొప్పి పుట్టేది కాదు. మూడు నెలలుగా గాజుసామాను మోసినట్టు మోసిన కాలు, బురదలో మాత్రం మామూలు కాలు అయిపోయేది. ఎవరైనా చూస్తే చెప్పడానికి సిగ్గు గానీ, అక్కడ నేను నవ్వుకుంటూ పరిగెత్తేవాణ్ణి.

ఎవరైనా చూస్తారనే నా భయం. బదిలీ కాగితంలో సరిగ్గా నడవలేకపోతున్నానని రాసుకున్నాను. రాసినప్పుడు అది నిజం. తర్వాత కాలు నాకు చెప్పకుండా బాగుపడటం మొదలుపెట్టింది. అందుకని ఆరింటికి పరిగెత్తి, ఏడింటికి కాళ్ళు కడుక్కుని, పదింటికి ఆఫీసులో కుంటేవాణ్ణి. ఇది వినడానికి తేలిక గానీ చాలా శ్రద్ధ కావాలి.

ఆ బుధవారం పదింటికి మండలం నుంచి ఎంపీడీఓ వస్తున్నారు. నా కాలు కళ్ళారా చూసి, దరఖాస్తు మీద సంతకం పెట్టి పైకి పంపుతానన్నారు. బుద్ధి ఉన్నవాడైతే ఆ పూట పరుగు మానేస్తాడు. ముందురోజు సాయంత్రం మంచి వాన పడింది. నేను ఆగలేకపోయాను.

సగం దారిలో, మొరం అంశం గట్టిగా చదువుతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏంది సారూ గిట్ల ఉరుకుతున్నవు? ఎవలన్న తరుముతున్నరా?"

తిరిగి చూస్తే ఒక అవ్వ. ఊరి చివరి గూడెం ఆమె. భుజాన మూసిన గొడుగు, చేతిలో సద్దిగిన్నె. మక్కచేనికి, అంటే మొక్కజొన్నకి, కోతుల కావలి వెళుతోంది. నెలనెలా ఆఫీసుకొచ్చి, వాగు దారి గట్టిపడేలా మొరం ఎప్పుడు పోస్తారని అడిగి వెళ్ళే మనిషి.

"ఎవరూ తరమట్లేదవ్వా. ఊరికే."

"ఊరికెనా?" ఆమె ఒకసారి వెనక్కి చూసి, నిజంగానే ఎవరూ లేరని తేల్చుకుంది. "ఎటు మరి?"

"వాగు దాకా వెళ్ళి వెనక్కొస్తా."

"వాగుకాడ ఏం పని?"

"పనేం లేదు."

"పని లేకుంటె అంత దూరమెందుకు, గీడికెంచే మర్లిపో."

ఈలోగా ఆమె నన్ను దాటి నాలుగడుగులు ముందుకెళ్ళింది. నేను పరుగులోనే ఉన్నాను. ఆమె నడకలో ఉంది. వెనక్కి తిరిగి చూసి జాలిపడి కొంచెం నెమ్మదించింది. అలా ఇద్దరం పక్కపక్కన సాగాం, ఆమె నడుస్తూ, నేను పరిగెత్తుతూ.

"మీ దిక్కు కోతులున్నయా సారూ?"

"ఉన్నాయవ్వా."

"మక్కలు తింటయా?"

"మావైపు మక్కలు తక్కువ. వరి, పత్తి, మిర్చి."

"మరి ఏం తిని బతుకుతయి పాపం."

మధిర కోతుల గురించి బాధపడిన మొదటి మనిషి ఆమే. తన చేలోకి వచ్చే కోతుల్లో ఒకదానికి తోక సగమే ఉందని, అది మిగతావాటికి మేస్త్రీ అని చెప్పింది. గొడుగు తెరిస్తే భయపడతాయట, మూస్తే మళ్ళీ వస్తాయట. రోజంతా తెరవడం, మూయడం. నేను ఆఫీసులో ఫైళ్ళతో చేసేది అదేనన్నాను. ఆమె నవ్వింది. నాకు ఒక్కసారిగా తట్టింది, అరకిలోమీటరు పైన అయింది, మాట తెగలేదు. ఖమ్మం ఆయన చూసి ఉంటే సంతోషించేవాడు.

"ఈ బురదల ఎందుకు సారూ, రోడ్డు మీద ఉరకరాదు?"

"బురద మెత్తగా ఉంటుందవ్వా. నా కాలికి మంచిదట."

"అట్లనా! గయితె మొరం పోయకు మరి."

ఆ మాట అని తనే పెద్దగా నవ్వింది. నేను నవ్వలేదు. నేను రోజూ చెట్ల చేత ఆమోదింపజేసే రెండో అంశం అదే.

మళ్ళీ తనే అడిగింది. "పోతున్నవంట గద?"

"కాలు బాగోలేదు కదవ్వా. ఇవాళ పెద్దసారు సంతకం పెడతారు."

"అవ్, అందరికి అంతే. నీకు ముందటాయినకు నడుము. అంతకు ముందటాయినకు సుగర్. ఒక మేడమొచ్చె, మంచిది, ఆమెకు పిల్లల బడి. నీకు కాలు." వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. అందులో నిష్ఠూరం లేదు. వర్షపాతం చెప్పినట్టు చెప్పింది. "ఒక్కొక్కలు వచ్చినప్పుడల్లా ఈ బాట కత మొదటికెంచి చెప్పుకోవాలె, గంతే. ఇంతకు ఏ కాలు సారూ?"

ఎడమకాలు చూపించాను.

"సోమారం గది కాదు గద. సోమారం కుడిది కుంటినవు."

బురదలోనే ఆగిపోయాను.

"అవ్వా, నేను పరిగెత్తినట్టు ఎవరికీ చెప్పకు."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "ఇది ఉరుకుడైతె గద చెప్పనీకి!"

వాగు దగ్గర చీర ఎత్తి కట్టి దిగింది. పదింటికి కోడలు కావలికి వస్తుందని, తను ఆఫీసుకొచ్చి పెద్దసారుని బాట సంగతి అడుగుతానని చెప్పి అవతలి గట్టెక్కింది. గొడుగు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత మక్కచేను ఆమెని మింగేసింది.

వెనక్కి వచ్చేటప్పుడు ఎజెండా మొదలుపెట్టాను. ఒకటో అంశం దాకా వచ్చి వదిలేశాను. మిగతా దారంతా మాట లేకుండా పరిగెత్తాను. స్పీడు ఎక్కువైందో లేదో తెలుసుకునే వీలు లేకపోయింది.

పదిన్నరకి ఎంపీడీఓ వచ్చారు. ఆఫీసు వరండాలో పదిమంది దాకా ఉన్నారు, అవ్వ గోడకి ఆనుకుని కూర్చుంది. బల్ల మీద దరఖాస్తు, దానికి జతచేసిన దవాఖానా కాగితాలు, అన్నీ మూడేసి ప్రతులు. నేను తలుపు దగ్గర నుంచి బల్ల దాకా ఎడమకాలితో కుంటుతూ వచ్చాను. ఎడమే అని రెండుసార్లు చూసుకున్నాను.

"ఏమయ్యా, ఇంకా తగ్గలేదా?" అన్నారాయన.

నేను నోరు తెరిచేలోపు వరండాలోంచి అవ్వ లేచి వచ్చింది. బాట సంగతి అడుగుతుందనుకున్నాను.

"పాపం నడవలేడు సారూ. పంపియ్యిండ్రి ఆయినను ఇంటికి. ఇక్కడ ఎవలున్నరు ఆయినకు?"

"ఏ కాలమ్మా?" అన్నారాయన పెన్ను మూత తీస్తూ, ఊరికే మాటవరసకి.

"రెండు గూడ సారూ. దినానికొకటి."

ఆయన నవ్వి ఆమెది ప్రేమ అనుకున్నారు. ఆమె నావైపు చూడను కూడా లేదు. నేను వెళితే ఈమె బాట కథ మళ్ళీ మొదటినుంచి ఇంకొకడికి చెప్పుకోవాలి. అది తెలిసే చెప్పింది. పెన్ను కాగితం మీదికి దిగుతోంది.

"సార్, ఒక్క నిమిషం. తేదీ తప్పు పడింది. సరిచేసి మళ్ళీ ఇస్తాను."

"ఇప్పుడే దిద్దెయ్."

"తెల్లకాగితం మీద రాస్తాను సార్, శుభ్రంగా ఉంటుంది."

ఆయన భుజాలెగరేసి తర్వాత విషయానికి వెళ్ళారు. తర్వాత విషయం వాగు దారి. మొరం సంగతి చూద్దామన్నారు. "చూద్దాం" అనేది మా శాఖలో ఒక పూర్తి వాక్యం.

ఇదేదో త్యాగమని ఎవరూ అనుకోవద్దు. ఆమె అబద్ధం కింద సంతకం పడుతుంటే చూడలేకపోయాను, అంతే. ఆ వారమంతా నన్ను నేను తిట్టుకున్నాను. అవ్వ దారిలో మరో నాలుగుసార్లు కలిసింది, సగం తోక కోతి వార్తలు చెప్పింది. మక్కలు కోశాక అటు రావడం మానేసింది. నేను మళ్ళీ జామాయిల్ చెట్లకి ఎజెండా చదువుకుంటున్నాను. కుంటడం మానేశాక పదింటికి పని కొంచెం తగ్గింది.

ఆ బుధవారం సాయంత్రం గదికి వచ్చేసరికి బూట్లు ఇంకా నీళ్ళు కారుతున్నాయి. లోపల కాగితాలు కుక్కితే తొందరగా ఆరతాయని ఎక్కడో విన్నాను. ఊరికి వచ్చే న్యూస్ పేపరు ఒక్కటే, అది మధ్యాహ్నానికల్లా టీ కొట్టులో మిరపకాయ బజ్జీల కిందికి వెళ్ళిపోతుంది. సంచిలో ఉన్న కాగితాలే తీసి ఉండలు చుట్టాను. దరఖాస్తు ఎడమ బూటులోకి, దవాఖానా కాగితాలు కుడి బూటులోకి, మిగిలిన ప్రతులు ఖాళీ ఉన్నచోటల్లా.

పొద్దున్న చూస్తే ఎంత తడిగా పెట్టానో అంతే తడిగా ఉన్నాయి. జిరాక్స్ కాగితం నీళ్ళు పీల్చదు. న్యూస్ పేపరే పెట్టాలి, అది కూడా పూటకోసారి మార్చాలి.