నా బ్రేకు సాక్ష్యం

అప్పట్లో మేం సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటలో ఉండేవాళ్లం. ఓ శనివారం మా పాత కారుకి బ్రేకు రబ్బరు పైపు నేనే మార్చాను. మర్నాడు చర్చిలో, దేవుడు తమకు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల సమయం రాగానే లేచి, "మెకానిక్ అవసరం లేకుండా దేవుడే నాకు జ్ఞానమిచ్చాడు" అన్నాను. అందరూ "ఆమెన్" అన్నారు.

ఆరాధన ముగిశాక కారు తీసి, గేటు దగ్గర బ్రేకు తొక్కితే పెడల్ నేలకంటింది. వరసగా ఉన్న స్కూటర్లన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చివరిది పాస్టర్‌గారిది. నేను లోపల సాక్ష్యం చెబుతున్నంతసేపూ, సరిగా బిగించని పైపు నుంచి ఆయిలు కారుతూనే ఉంది!

సంఘపెద్ద ఒకాయన చక్రం దగ్గర వంగి చూసి, "మీరు మార్చిన పైపు గిదేనా, బ్రదర్?" అన్నాడు.

ఇప్పటికీ పాస్టర్‌గారు "సాక్ష్యాలు ఎవరైనా చెబుతారా?" అనగానే, మా ఆవిడ నా చొక్కా అంచు గట్టిగా పట్టుకుంటుంది.