పర్మనెంటు వాళ్లంతా గేటు బయట

1999 సెప్టెంబరు తొమ్మిదిన హైటెక్ సిటీని ఒంటిచేత్తో కాపాడింది నేనే. మొత్తం హైటెక్ సిటీనా అంటే, ఒక భవనాన్ని. నిజం చెప్పాలంటే ఆ భవనం వెనక గేటుని. అక్కడ పనివాళ్ల కార్డులు చూసే కంప్యూటరు బాగోగులు నావి.

ఆ ఉదయం ఎనిమిదింటికి వెళ్లేసరికి గేటు బయట పాతిక మంది నిలబడి ఉన్నారు. కార్డు గీస్తే తెర మీద ‘సర్వీసు ముగిసింది’ అని వస్తోంది. విచిత్రమేమిటంటే, నిన్నగాక మొన్న చేరిన టెంపరరీ వాళ్లు దర్జాగా లోపలికి పోతున్నారు. ఆగిపోయిన వాళ్లంతా పర్మనెంటు.

“నన్ను గూడ టెంపరరీ జెయ్యుండ్రి సార్, లోపటికి పోత!” అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు, మల్లమ్మ తప్ప. ఖాజాగూడ నుంచి వచ్చి మా అంతస్తు ఊడ్చి తుడిచే మనిషి. పర్మనెంటై రెండు నెలలు.

“ఏంది సార్ ఇది? మొన్ననే పర్మనెంట్ అయిన్నని అందరికి మిఠాయి వెడితి. ఇయ్యాల ఖతం అంటుంది మీ డబ్బ. నేనేం తప్పు జేసిన?”

“తప్పు నీది కాదమ్మా.”

“మరెవలది?”

కంప్యూటరు చూడాలంటూ లోపలికి పరుగెత్తాను. వెనక సూపర్‌వైజరు గొంతు: “పదింటి దాంక చూస్త మల్లమ్మా. కంప్యూటర్ల నీ పేరు రాకుంటే ఇంకొకామెను పెట్టుకుంట. మల్ల నన్ననొద్దు.”

గంటసేపు నాకేమీ అర్థం కాలేదు. వైరస్ అన్నాను, కరెంటు అన్నాను, అడిగినవాళ్లకు అమెరికా మీద కూడా నెట్టాను. కేబుళ్లు పీకి మళ్లీ అవే పెట్టాను. చివరికి మల్లమ్మ రికార్డు తెరిస్తే, సర్వీసు ముగిసే తేదీ 09-09-99. ఇంకొకరిది తీశాను. అదే. పర్మనెంటు వాళ్లందరికీ అదే! టెంపరరీ వాళ్లకే నిజమైన తేదీలు, ఇంకా ముందున్నవి.

ఆ రోజుల్లో సంవత్సరానికి రెండంకెల చోటే ఉండేది. తేదీ గడి ఖాళీగా వదిలితే ప్రోగ్రాం ముందుకు కదలదు. అందుకని ‘ముగింపు లేదు’ అనడానికి తొమ్మిదులు కొట్టడం పాతకాలపు అలవాటు. ఎప్పటికీ రాని రోజన్నమాట. ఆ రోజు వచ్చేసింది.

తొమ్మిదీ నలభైకి అందరి తేదీ 31-12-99గా మార్చాను. రెండంకెల్లో అంతకన్నా దూరం పోలేం. ఆ తర్వాతి సంవత్సరం 00, కంప్యూటరు లెక్కలో అది 99 కన్నా చిన్నది. మల్లమ్మ కార్డు గీసింది. గేటు తెరుచుకుంది.

“ఇప్పుడు ఎన్నటి దాంక ఉన్న సార్?”

“డిసెంబరు ముప్పై ఒకటి.”

“పర్మనెంట్ అంటే నాల్గు నెలలేనా?”

నవ్వాను. ఆమె నవ్వలేదు.

‘ఎవరో చేసిన పొరపాటు’ అని పై వాళ్లకు రాసి, వాళ్లు భుజం తడితే తట్టించుకున్నాను. ఆ ఎవరో నేనే. మల్లమ్మ రికార్డులో తొమ్మిదులు కొట్టింది జూలైలో, ఈ చేత్తోనే. రెండు నెలల్లో రాబోయే రోజుని ఎప్పటికీ రానిదని కొట్టాను.

నవంబరులో సంవత్సరానికి నాలుగంకెల చోటిచ్చి, పర్మనెంటు అనడానికి వేరే గడి పెట్టి, తేదీ ఖాళీగా వదిలినా నడిచేలా చేశాక, మల్లమ్మను పిలిచి అంతా ఒప్పుకున్నాను.

“నాకు గా దినమే ఎరుక సార్. తప్పెవలదంటే ఉరికిండ్రు గద!” అంది. తర్వాత తెర వైపు చూసి, “ఇప్పుడు నా తారీఖు ఏమేసిండ్రు?”

“ఏమీ వేయలేదమ్మా. ఖాళీ.”

“గట్లనే ఉండనియ్యుండ్రి. తెల్వనిది రాయొద్దు.”

ఆ తర్వాత నా ప్రోగ్రాముల్లో ఏ ఖాళీ గడినీ అబద్ధంతో నింపలేదు. సరే, ఒకటి రెండుసార్లు నింపాను. కానీ గేటు బయట నిలబడ్డ మల్లమ్మ గుర్తొచ్చి, వెనక్కి వెళ్లి చెరిపేశాను.