రెండో ఆల్బంలో ఆరో పాట

మొన్న కామారెడ్డిలో మా బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు, బరాత్ బండి ఫంక్షన్ హాలు గేటు దాటకముందే డీజే వాడు మా అక్క కొడుకు పాట పెట్టాడు. అది వాడి మొదటి ఆల్బంలోది, బీట్ పడగానే చిన్నా పెద్దా అందరూ దుమ్ము లేచేలా ఎగిరారు, నేను మోకాళ్ళ నొప్పుల వయసుదాన్ని కాబట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. పక్క కుర్చీలోని వియ్యపురాలి వరుస ఆవిడ నా చెవి దగ్గరకు వంగి, "ఇది మీ అక్క కొడుకు పాడిందే గదా, దీని తర్వాత ఇంకేం పాడలేదా?" అని అడిగింది. ఇంకొక ఆల్బం ఉంది అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఆ చప్పుడులో అంతకన్నా చెప్పడం కుదరదు, కుదిరినా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. అక్కడ చెప్పలేనిదే ఇప్పుడు నా ఈడు వాళ్ళతో తీరుబడిగా చెప్పుకుంటున్నాను.

మా వయసు ఆడవాళ్ళకు బీడీల సంగతి వేరే చెప్పనక్కరలేదు. తర్వాత అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరైన మాట నిజమే గానీ, ఎల్లారెడ్డి ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో పదో తరగతి సర్టిఫికెట్టును ట్రంకు అడుగున దాచి, ఒళ్ళో చాట పెట్టుకుని మా అత్త పక్కన కూర్చున్నదాన్నే. నానిన తునికాకును రేకుముక్క కొలతకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, అన్నీ ఆమే నేర్పింది. నా చేతిలో కత్తెర ఆడదని మొదట్లో ఎంత వెక్కిరించేదో, ఆడటం వచ్చాక వాడకట్టులో అంత గొప్పగా చెప్పుకునేది. మద్నూరు నుంచి వచ్చిన ఒకామె మా అరుగు మీదే చుట్టేది, మరాఠీలో ఏవో పాటలు పాడేది, మాకు మాటలు తెలియకపోయినా మా కత్తెరలు ఆ పాటకు తగ్గట్టే పడేవి. మస్కట్‌లో పనిచేసే మా ఆయన సెలవు మీద వచ్చినప్పుడల్లా, "మీ కత్తెర్ల సప్పుడు లేక నాకక్కడ నిద్ర వడ్తలేదు" అనేవాడు. అది అబద్ధమని తెలిసినా నాకు బాగుండేది.

ఆయన అక్కడే పోయాడు. పని చేసే చోట పడిపోయాడన్నారు, అంతకుమించి మాకెవరూ వివరంగా చెప్పలేదు. నెల దాటాక వచ్చినది మేకులు కొట్టిన పెట్టె, దాని మీద ఇంగ్లీషులో ఆయన పేరు, విప్పవద్దని పెద్దవాళ్ళు అన్నారు. మా వైపు భర్త పోతే భార్య శోకం పెట్టి ఏడవాలి, మనిషిని పిలుచుకుంటూ, కలిసి బతికిన రోజులన్నీ తలుచుకుంటూ, నలుగురూ వినేలా. ఎవరు ఎలా ఏడ్చారో ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. నాకు ఏడుపు రాలేదు. ముఖం చూడనిదే అందులో ఉన్నది ఆయనేనని నా మనసు ఒప్పుకోలేదు, అలాగే పొడి కళ్ళతో నిలబడ్డాను. వాడకట్టు ఆడవాళ్ళు నన్ను గుండె లేనిదన్నారు. మా అత్త నన్నేమీ అనలేదు, పైగా అన్నవాళ్ళ నోళ్ళు మూయించింది, కానీ తన కొడుకు పెళ్ళాం శోకం కూడా వినకుండా వెళ్ళిపోయాడన్న బాధ ఆమెలో ఉండిపోయిందని నాకు తెలుసు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఇద్దరమూ ఒకే పొయ్యి మీద వండుకు తిన్నాం, ఆ సంగతి ఒక్కసారీ ఎత్తలేదు.

మా అక్క కొడుకు కామారెడ్డిలో మేడమీది గదికి పాత పరుపులు, కోడిగుడ్ల అట్టలు అంటించి స్టూడియో చేసుకున్నాడు. రాసేదీ పాడేదీ బీట్ కట్టేదీ అన్నీ వాడే. పాటంటే రాగం ఉండాలని నేను, రాగం తీస్తే మాట మెత్తబడుతుందని వాడు, ఇద్దరం కలిసినప్పుడల్లా వాదించుకునేవాళ్ళం. మొదటి ఆల్బం అంతా నా అంతటివాడు లేడన్న ధోరణి, ఇటు కామారెడ్డి నుంచి అటు బిచ్కుంద దాకా ఏ పెళ్ళిలో చూసినా అదే మోగింది. రెండోదానికి వాడెందుకో నెమ్మదించాడు. "నానిన ఆకు" అని పేరు పెట్టి, బీడీలు చుట్టీ చుట్టీ వేళ్ళు వంకరపోయిన మా అక్క గురించి, గల్ఫ్ వీసాల కోసం ఏజెంట్ల చుట్టూ తిరిగినవాళ్ళ గురించి రాశాడు. కంప్యూటరు డప్పులు వద్దని చాట మీద వేళ్ళ దరువు, దారం తెంపినప్పటి చిన్న టిక్కు, ఎల్లారెడ్డి బస్టాండులో కండక్టరు కేక, ఇలాంటివన్నీ పట్టుకొచ్చి కలిపాడు. కత్తెర చప్పుడు ఒక్కటే కుదరలేదు, మా అక్క వేళ్ళు అప్పటికే కత్తెర పట్టలేకపోయేవి. అందుకని నన్ను పిలిచాడు.

ఎండాకాలం మధ్యాహ్నం, శబ్దం పడుతుందని ఫ్యాను కూడా ఆపేసి, మైకును నా ఒడి దగ్గరకు దించాడు. నానబెట్టిన ఆకు, కాస్త తంబాకు ఎక్కడినుంచో తెచ్చి చాటలో పెట్టాడు. పని వదిలి ఏళ్ళు గడిచినా చేతులు మరచిపోలేదు. పది ఆకులు కత్తిరించానో లేదో, తంబాకు ఘాటు ముక్కుకెక్కి, నేను అనుకోకుండానే గొంతులోంచి శోకం బయటికొచ్చింది. "పెట్టె మీద నీ పేరు సూస్తిని గని నీ ముఖం సూడకపోతినయ్యా" అని మొదలైంది, ఆ తర్వాత ఏమేమి అన్నానో నాకు తెలియదు, కత్తెర మాత్రం ఆగలేదట. అయిపోయాక వాడు కళ్ళు తుడుచుకుంటూ, "చిన్నమ్మా, ఇది పెట్టుకోనా?" అని అడిగాడు. పెట్టుకో అన్నాను. వాడి పాటలు మా వాడకట్టు ముసలివాళ్ళు ఎవరు వింటారులే అనుకున్నాను, పైగా గుండె తేలికపడి ఉంది, ఆ సమయంలో ఏమడిగినా ఇచ్చేదాన్ని. వాడు తన మాటలు బాగా తగ్గించుకుని దాన్ని ఆరో పాటగా చేశాడు.

ఆల్బం వచ్చాక డీజేలు దాన్ని ముట్టుకోలేదు, ఎగరడానికి పనికిరాదన్నారు. మొదటిదాన్ని నెత్తిన పెట్టుకున్న కుర్రాళ్ళు వీడికేమైందని కామెంట్లు పెట్టారు. హైదరాబాదులో పాటల గురించి రాసేవాళ్ళు మాత్రం మెచ్చుకున్నారు, అందరూ ఆరో పాట పేరే ఎత్తారు. మస్కట్ నుంచి, దుబాయి నుంచి మనవాళ్ళు రూముల్లో కూర్చుని వింటున్నామని రాశారు. వాడు అవన్నీ చదివి వినిపిస్తుంటే, నిజం చెప్పాలంటే, గర్వపడ్డాను.

ఆ గర్వం ఎన్నాళ్ళో నిలవలేదు. మా మరిది కొడుకు ఫోనులో ఆ పాట పెట్టుకుని అన్నం తింటుంటే మా అత్త విన్నది. మొత్తం విన్నాక నన్ను పిలిచి, గొంతు పెంచకుండానే, "పెట్టె ముందట ఏడ్వనిదానివి, మైకు ముందట ఏడిస్తివా పిల్లా" అన్నది. ఆ పూట నుంచి నా చేతి అన్నం ముట్టలేదు, పక్క వీధిలోని మరిది ఇంటికి వెళ్ళిపోయింది. ఊరంతా గుండె లేనిదన్న రోజు కూడా నేను అంత కుంగిపోలేదు.

మర్నాడే అక్క కొడుక్కి ఫోన్ చేసి నెట్‌లోంచి పాట తీసెయ్యమన్నాను. "అది తీస్తే ఆల్బంల ఇంకేముంటది చిన్నమ్మా" అని బతిమాలాడు, నేను వినలేదు. తీసేశాడు. పాట ఏమైందని అడిగినవాళ్ళకు కారణం చెప్పలేదు, కొన్నాళ్ళకు అడిగేవాళ్ళూ లేకుండా పోయారు. మూడో ఆల్బం మొదలుపెడతానంటూనే పెళ్ళిళ్ళకు మిక్సులు, ఎన్నికలకు పాటలు కట్టడంలో పడిపోయాడు. నా వల్లనే అని వాడు ఏనాడూ అనలేదు, అనకపోయినా నాకు తెలుసు.

మూడేళ్ళకు మా అత్త మంచం పట్టింది. కబురు పంపి నన్ను పిలిపించుకుంది. నా చెయ్యి పట్టుకుని, "ఆ పాట ఒక్కసారి వెట్టు బిడ్డా. ఆనాడు కోపంల ఇన్న. ఇప్పుడు మంచిగ ఇంట" అన్నది. అక్క కొడుకు కామారెడ్డి నుంచి బండి మీద వచ్చాడు. పాత డిస్కు చెడిపోయిందని, ఎంత వెతికినా నా గొంతు లేని బీట్ ఒక్కటే దొరికిందని తలవంచుకుని చెప్పి, దాన్నే పెట్టాడు. కత్తెర చప్పుడు చివరిదాకా విని, నీ గొంతు ఏదని నన్ను అడిగింది. పోయిందని చెప్పాం. "అయితే నువ్వే ఏడు, నేనింట" అని నా వైపు ఒత్తిగిలి ఎదురుచూసింది. ఆయన్ని తలుచుకున్నాను, పెట్టెను తలుచుకున్నాను, మైకు ముందు వచ్చిన మొదటి మాట కూడా పలికాను, అది బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు వచ్చిందే తప్ప శోకంలా రాలేదు. ఆమె కాసేపు చూసి, "పోనీ తియ్" అని కళ్ళు మూసుకుంది.

వారం తిరక్కుండా పోయింది. ఆ రోజు వాడకట్టంతా వినేలా ఏడ్చాను, అత్తను పిలుస్తూ మొదలుపెట్టి మా ఆయన దగ్గరకు వెళ్ళిపోయాను, ఒకప్పుడు నన్ను గుండె లేనిదన్నవాళ్ళలో మిగిలిన ఇద్దరు ముగ్గురు ముసలమ్మలే వచ్చి నన్ను పట్టుకున్నారు. ఇప్పుడు మా దగ్గర కొత్త కోడళ్ళకు శోకం పెట్టడం రాదు, రావాలని ఎవరూ అనరు కూడా, శవం దగ్గర స్పీకరులో భజనలు మోగుతుంటే మెల్లగా కళ్ళు ఒత్తుకుంటారు. ఎవరు ఎలా ఏడ్చారో చూసి పేర్లు పెట్టే రోజులు పోవడం మంచిదే, వాటితో నేను పడింది చాలు. కానీ నా ఏడుపు వింటానని అడిగిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉండేది. అది వచ్చిన రోజున ఆమె నా ముందు చాప మీద, చెవుల్లో దూది పెట్టించుకుని పడుకుని ఉంది.