క్యారేజీ కడిగిన నీళ్ళు

కొన్ని అలవాట్లు రాజ్యాలనే కూల్చాయంటారు. నీళ్ళ బాబాయి అలవాటు కూల్చబోయింది రాజ్యాన్ని కాదు, ఒక జొన్న ప్రయోగాన్ని. భోజనమయ్యాక క్యారేజీ గిన్నెలు కడిగి, ఆ నీళ్ళను దగ్గర్లో ఏ మొక్క కనిపిస్తే దాని మొదట్లో పోయడమే ఆ మహత్తర సంప్రదాయం.

పరిశోధనశాల గాజు షెడ్డులో మొక్కలకు నీళ్ళు పట్టడం ఆయన ఉద్యోగం, జీవితం, వేదాంతం. నీళ్ళను కాలవపాలు చేయడం ఆయన ఒంట్లో లేదు. అత్తవారింట్లో మొదటిసారి ఇచ్చిన మంచినీళ్ళు సగమే తాగి, మిగతావి కిటికీలో ఉన్న పూల తొట్టిలో పోశాడు. తనకంటే తొట్టినే ఎక్కువసేపు చూశాడని భార్య ఇప్పటికీ దెప్పుతుంది.

అలాంటి మనిషితో, జొన్న ప్రయోగం చేస్తున్న మేడం, "బాబాయ్, ఈ కుండీలకి చుక్క నీళ్ళు పోయకూడదు" అంది. వేళ్ళను అంటిపెట్టుకుని, కరువులో మొక్కకు దన్నుగా నిలిచే మట్టి బ్యాక్టీరియాను ఎడమ వరుస విత్తనాలకు పట్టించింది. కుడి వరుసకు ఏమీ లేదు. నీళ్ళు ఆపితే ఏది తట్టుకుంటుందో చూడాలి.

"చంపడానికా తల్లీ పెంచింది?"

"బతుకుతాయో లేదో చూడ్డానికి."

"దానికి చూడ్డమెందుకు, నన్నడగరాదూ? చస్తాయి!"

గుండె రాయి చేసుకుని బాబాయి గొట్టం చుట్టేశాడు. కొన్నాళ్ళకు ఎడమ వరుస పచ్చగా నిలబడింది, కుడి వరుస తలలు వేలాడేసింది. అందులో చివరి కుండీ మాత్రం కొత్తల్లుడిలా ఠీవిగా ఉంది.

ఆ మధ్యాహ్నమే పరిశోధనశాల పెద్దసారు చూడ్డానికి వస్తారు. ఫలితం తేలకపోతే ప్రయోగానికి తాళమే. మేడం ముఖం కుడి వరుసను మించి వాడిపోయింది.

"ఇదెలా బతికింది? బ్యాక్టీరియా దారి దాటి ఈ వరుసకొచ్చిందా? లేక నా ఆలోచనే తప్పా?"

బాబాయి ఆ కుండీ పక్కనున్న తన స్టూలు చూశాడు. స్టూలు మీది క్యారేజీ చూశాడు.

"కోప్పడనంటే ఒక మాటమ్మా."

"నీళ్ళు పోశావా బాబాయ్?"

"అమ్మమ్మా! ఎంత మాట! రోజూ క్యారేజీ కడిగానంతే."

"మరి ఆ కడిగినవి?"

"అవి నీళ్ళేంటమ్మా? ఎంగిలి!"

నవ్వాలో ఏడవాలో తెలియక మేడం రెండూ చేసి, ఆ కుండీని లెక్కలోంచి తీసేసింది. పెద్దసారు ఎడమ వరుస చూశారు, కుడి వరుస చూశారు. "ఫరవాలేదే, పనిచేస్తోందే!" అన్నారు. ప్రయోగం గట్టెక్కింది.

అప్పటినుంచి బాబాయి క్యారేజీని షెడ్డు బయట కుళాయి కింద కడుగుతున్నాడు. అక్కడ గడ్డి మొలిచింది.