ముందు ఎడమ టైరు

టైర్ల బాపు పోయారు. మంగళవారం పొద్దున ఉస్మాన్‌గంజ్‌లో మా మిర్చి, పసుపు దుకాణం షట్టర్ ఎత్తి అగరొత్తులు వెలిగిస్తుంటే ఫోన్ మోగింది. మా ఉప్పుగూడ గల్లీ వాళ్లందరం ఉన్న వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. స్టేషన్ రోడ్డు టైర్ల బాపు తెల్లవారుజామున కాలం చేశారు, పదకొండు గంటలకు తీసుకుపోతారు అని. దాని కింద వరుసగా దండాల బొమ్మలు. నేనూ ఒక దండం పెట్టబోయి ఆగిపోయాను. అదే గ్రూపులో రెండేళ్ల కిందట అదే మనిషి గురించి నేను రాసిన మాటలు ఇంకా అట్లాగే ఉన్నాయి. పదకొండు గంటలకు నేను దుకాణంలోనే కూర్చున్నాను. గిరాకీ ఉండి కాదు, అక్కడికి పోవడానికి ముఖం చెల్లక.

ఆయనకు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. మాకెవరికీ దానితో పని పడలేదు. బస్సు డిపోలో ముప్పై ఏళ్లు టైర్ల సెక్షన్‌లో చేసి, రిటైరయ్యాక స్టేషన్ రోడ్డులో రేకుల షెడ్డు వేసి టైర్ల దుకాణం పెట్టారు. ఆటోవాళ్లు, పాల బండ్లవాళ్లు, మాలాంటి కార్లవాళ్లు అందరికీ ఆయన బాపే. ఆయన మాత్రం నన్ను మనసు బాగుంటే సేటు అనేవారు, పనిలో ఉంటే బిడ్డా అనేవారు.

ఆయన పని చూడాలంటే టైరు విప్పేటప్పుడు కాదు, విప్పకముందు చూడాలి. బండి ఆగగానే కింద గొంతుక్కూర్చుని, కళ్లు మూసుకుని, అరచేత్తో టైరును ఇటు నుంచి అటు దువ్వేవారు. మళ్లీ అటు నుంచి ఇటు. ఒకవైపు నున్నగా జారి ఇంకోవైపు చేతికి గరుకుగా తగిలితే, చక్రం నిలబడాల్సిన తీరులో నిలబడలేదని లెక్క. ఆ ముక్క ఆయన నాకు చెప్పడమే కాదు, నా చెయ్యి పట్టుకుని టైరు మీద పెట్టారు.

"ఇటు దువ్వు. ఇప్పుడు అటు దువ్వు. తాకిందా?"

"తాకుతుంది బాపూ."

"గదే మరి. టైరుకు నోరు లేదు. అరిగి చెప్తది. మనం చెయ్యి పెట్టి వినాలె."

గాలి విషయంలో ఆయనకు మహా పట్టింపు. ఎంత పెట్టాలి అని అడిగితే డ్రైవర్ తలుపు తీసి లోపల అంటించిన కాగితం చూపించేవారు. టైరు మీద పెద్ద అంకె ఉంది కదా అని ఒకసారి వాదించాను. "టైరు మీద రాసింది అది ఎంత మోయగల్గుతదో. తలుపు కాడ రాసింది నీ బండికి ఎంత గావాల్నో. నువ్వు ఎంత తినగల్గుతవో అంత తింటవా రోజు?" అన్నారు. నా పొట్ట వైపు చూసి నవ్వారు కూడా. బండికి ఎండ తగలకుండా గుడ్డ కప్పేవాళ్లను చూస్తే ఆయనకు భలే సరదా. "పైన దుప్పటి కప్పుతరు, కింద కాళ్లు అరిగిపోతుంటే చూడరు" అనేవారు.

అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పాల్సింది ఇంకోటి ఉంది. కొత్త టైరు ఎక్కించే ముందు దాని పక్క మీద అచ్చేసిన నాలుగంకెలను కొన్నవాడి చేతే చదివించేవారు. మొదటి రెండంకెలు అది తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. మనసులో చదువుకుంటే ఊరుకునేవారు కాదు. "వినవడ్తలేదు, గట్టిగ చదువు" అనేవారు. చదువు రానివాళ్లు వస్తే పక్కనున్న వాళ్లను పిలిచి చదివించేవారు. పది మంది విన్నాకే టైరు రిమ్ముకెక్కేది. ఆ షెడ్డులో ఒక పాత టైరును కొత్తదని అంటగట్టడం అయ్యే పని కాదు. ఈ సంగతి మా గల్లీలో అందరికన్నా బాగా తెలిసినవాణ్ణి నేనే.

మా బండి క్రాసోవర్. ఎస్‌యూవీలా ఎత్తుగా కనిపిస్తుంది, కారులా నడుస్తుంది. కొన్న కొత్తలో మా ఆవిడ, "గల్లీ కన్న నీ బండే ఎడల్పున్నది" అంది. మొదట్లో గల్లీ చివర ఖాళీ జాగాలో పెట్టుకునేవాళ్లం. ఆ జాగాలో ఎవరో ఇల్లు కట్టుకున్నారు. అప్పటి నుంచి మా ఇంటి ముందే. మోరీ మీద పరిచిన బండలు రోడ్డుకు జానెడు ఎత్తు. ఎడమవైపు రెండు చక్రాలూ ఆ బండల మీదికి ఎక్కించి, స్టీరింగ్ పూర్తిగా తిప్పి, ముందు చక్రం మా ఇంటి మెట్టుకు ఆనేదాకా తోసి పెట్టేవాణ్ణి. అట్లా పెడితేనే పాల ఆటో పోయేది. మా గల్లీలో బండి ఉన్న ప్రతివాడూ అట్లాగే పెడతాడు. పది మందికి దారి ఇవ్వడం మర్యాద అనుకున్నాం, అంతవరకే ఆలోచించాం.

బండితో వచ్చిన టైర్లు బాగానే నడిచాయి. అవి అరిగాక నాలుగూ బాపు దగ్గరే వేయించాను. నాలుగింటి అంకెలూ నేనే చదివాను, గట్టిగానే చదివాను. రెండు నెలల కిందట తయారైన టైర్లు అవి. ఏడాదిన్నర తిరిగేసరికి ముందు ఎడమ టైరు లోపలి అంచు గుండు గీసినట్టు అయింది. బయటి నుంచి చూస్తే గాట్లన్నీ బాగానే ఉన్నాయి. లోపలివైపు దారాలు బయటపడ్డాయి. ముందు కుడిది కూడా అదే దారి పట్టింది. నలభై వేల కిలోమీటర్లు నడవాల్సినవి సగం కూడా నడవలేదు.

ఆ రోజు పొద్దున్నే గల్లీలో నాకు లొల్లి అయింది. ఎదురింటాయన స్కూటరు నా బండికి తగిలి, బండి అడ్డంగా పెట్టానని నన్నే నాలుగు మాటలన్నాడు. ఆ మంటతోనే బాపు దుకాణానికి పోయాను. ఆయన ఎప్పట్లాగే కూర్చుని, కళ్లు మూసుకుని దువ్వారు. చెయ్యి లోపలికి పెట్టి అంచంతా తడిమారు. లేచి చేతులు తుడుచుకుంటూ అడిగారు.

"బండి యాడ పెడ్తవ్ బిడ్డా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఎదురింటాయన అప్పుడే వచ్చి ఈయనకు ఎక్కించాడనుకున్నాను. పెట్టుకునే జాగా లేనోడికి ఇంత బండి ఎందుకు అంటున్నాడనుకున్నాను.

"యాడ పెడ్తే ఏంది? టైరు గురించి చెప్పు."

"టైరుది తప్పు కాదు. బండికి ఏదో దెబ్బ తాకుతున్నది, గది గూడ రోజు. నేనొచ్చి చూస్త పా. గంట పని."

"నా ఇంటికొచ్చి చూసేదేంది? పాత మాల్ అంటగట్టి, ఇప్పుడు నా బండి మీద పెడ్తున్నవా?"

షెడ్డులో ముగ్గురో నలుగురో ఉన్నారు. అందరూ పని ఆపి చూశారు. గాలి పట్టించుకుంటున్న ఒక ఆటో ఆయన, "ఛోడో భాయ్, బాపు వైసా ఆద్మీ నై" అన్నాడు, వదిలెయ్, బాపు అట్లాంటి మనిషి కాదని. నేను ఆగలేదు. డిపో నుంచి తెచ్చిన దొంగబుద్ధులు అని కూడా అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. బాపు గొంతు పెంచలేదు.

"నంబరు నువ్వే చదివినవ్ గద బిడ్డా" అన్నారు, అంతే.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటికి పోయి గ్రూపులో రాశాను. స్టేషన్ రోడ్డు దుకాణంలో పాత స్టాకు టైర్లు అమ్ముతున్నారు, పిల్లలతో తిరిగేవాళ్లు జాగ్రత్త అని. పిల్లల మాట కావాలనే పెట్టాను, అట్లా అయితే జనం చదువుతారని. చదివారు. బొటనవేలు బొమ్మలు చాలా వచ్చాయి. చెప్పి మంచి పని చేశావు అన్నా అని ఒకరు రాశారు. ఆ రాత్రి హాయిగా నిద్ర కూడా పట్టింది నాకు.

తర్వాత పెద్ద రోడ్డు మీద అద్దాల షోరూంలో నాలుగు టైర్లూ కొత్తవి వేయించి, చక్రాల అలైన్‌మెంట్ చేయించాను. అంకెలు చదవమని అక్కడ ఎవరూ అడగలేదు. కాఫీ ఇచ్చారు. ఏడాది గడిచిందో లేదో, మళ్లీ ముందు ఎడమ టైరు, మళ్లీ లోపలి అంచు. ఈసారి అక్కడి మెకానిక్ బండిని లిఫ్టు మీద పైకెత్తి నన్ను కిందికి పిలిచాడు. చక్రాన్ని స్టీరింగ్‌తో కలిపే కడ్డీ కొద్దిగా వంగి ఉంది. టైరు పక్కన రాయి ఒరుసుకున్న గీతలు.

"సార్, రోజు ఏదన్న ఎత్తు ఎక్కిస్తరా? బండి పార్కింగ్ యాడ చేస్తరు?"

బాపు చేత్తో తడిమి అడిగిన ప్రశ్నే ఇతను లిఫ్టు పెట్టి అడిగాడు. టైర్లు మార్చడం కాదు, ముందు ఆ కడ్డీ మార్చాలని, బండలు ఎక్కించడం మానకపోతే ఎన్ని టైర్లు వేసినా ఇంతేనని ఆ అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. నేను తలూపుతూ నిలబడ్డాను. ఆ గంట పనికి బాపు మా ఇంటికొస్తానన్నారు. రానిచ్చి ఉంటే ఆయన వేసిన టైర్లలో వెనక రెండూ ఇప్పటికీ నడుస్తుండేవి.

ఆ వారమే పోయి క్షమించు బాపూ అనాల్సింది. పోలేదు. తప్పు చేసినవాడికి తీరిక దొరకదు. గ్రూపులో నా మాటలైనా తీసేద్దామనుకున్నాను. తీసేస్తే ఎందుకు తీశావని అడుగుతారు, నిజం చెప్పాలి, నలుగురిలో పలచనైపోతాను. ఎప్పటి సంగతో, అందరూ మరిచిపోయి ఉంటారులే అని సర్దిచెప్పుకున్నాను. మరిచిపోలేదని ఆయన షెడ్డు ముందు నుంచి పోయినప్పుడల్లా తెలుస్తూనే ఉండేది. కార్లు నిలబడే చోట ఖాళీ. గాలి కోసం వచ్చిన ఆటోలు ఒకటో రెండో. బాపు స్టూలు మీద కూర్చుని రోడ్డు చూస్తుండేవారు. వయసు మీదపడింది, పని తగ్గించుకున్నారేమో అనుకున్నాను. అనుకోలేదు, అట్లా అనుకోవాలని ప్రయత్నించాను.

ఒక సాయంత్రం షెడ్డు దగ్గర ట్రాఫిక్ ఆగింది. నా బండి సరిగ్గా ఆయన ఎదురుగా నిలిచింది. తల తిప్పుకుని కూర్చున్నాను. ఓరకంట చూస్తే ఆయన స్టూలు మీద నుంచి లేచి, చెయ్యెత్తి, వేలితో కిందికి చూపిస్తున్నారు. వెనక టైరులో గాలి తక్కువుందట. అంతే చెప్తున్నారు. నేను చూడనట్టు నటించి, ముందు బండి కదలగానే పోయాను. ఇంటికెళ్లి చూస్తే నిజంగానే గాలి తక్కువగా ఉంది. పెట్రోలు బంకులో పట్టించుకున్నాను.

ఆ తర్వాత షెడ్డు మూతపడింది. ఊపిరితిత్తులు పాడయ్యాయని, మంచం పట్టారని మా ఆవిడ చెప్పింది. ఆదివారం పోదామనుకున్నాను. ఆ ఆదివారం పెళ్లి ఉంది. తర్వాతి ఆదివారం దుకాణానికి మాల్ వచ్చింది. ఆ తర్వాత మంగళవారం వచ్చింది.

ఆ మంగళవారం సాయంత్రం గ్రూపులో, నా పాత మాటల కిందనే రాశాను. బాపు పాత టైర్లు అమ్మలేదు, అంకెలు నా చేతే చదివించారు, తప్పు నా బండిది, నేను పెట్టిన తీరుది, నేను రాసింది అబద్ధం అని. కాసేపటికి ఒకరు రాశారు, "అన్నా, మీ మనసు గొప్పది" అని. దానికి మళ్లీ బొటనవేలు బొమ్మలు. నా మాటలతో బాపు దుకాణం ఖాళీ చేసినప్పుడూ నన్నే మెచ్చుకున్నారు, ఇప్పుడూ నన్నే. ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఐదో రోజు వాళ్లింటికి పోయాను. స్టేషన్ వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు. బాపు ఫోటో ముందు దీపం వెలుగుతోంది. చాప మీద ఆయన భార్య కూర్చుని ఉంది. గ్రూపులూ మెసేజీలూ ఆమెకు తెలియవు. నన్నూ ఎప్పుడూ చూడలేదు. బాపు దగ్గర టైర్లు వేయించుకునేవాణ్ణని చెప్పాను. కూర్చో బిడ్డా అంది.

"ఇప్పుడొస్తున్నరు అందరు. షాపు నడిసినప్పుడు రాకపోయిరి" అంది నెమ్మదిగా. "ఎవలో ఫోన్ల ఏందో రాసిండట. అప్పటిసంది కార్లు బందైనయి. పేరు చెప్పుమని నా బిడ్డ మస్తు అడిగింది. చెప్పలే. మన బస్తీలోడే, రేపు మొఖాలు మొఖాలు చూసుకోవాలె గద అన్నడు. దినమంతా గా స్టూలు మీదనే కూసునేది. ఇంట్ల ఉండు అంటే ఇనకపోయేది, ఎవలన్న వస్తరేమో అనేది."

"అమ్మా, అది రాసింది నేనే" అన్నాను.

లోపలి గదిలో గిన్నెల చప్పుడు ఆగింది. ఆమె నన్ను చూసింది.

"ఎందుకు?"

దారిపొడుగునా ఒక సంజాయిషీ కూర్చుకుని వచ్చాను. పొద్దుటి లొల్లి, ఎదురింటాయన, మోరీ మీది బండలు. ఒక్కటీ నోటికి రాలేదు. "కోపంల రాసినమ్మా. తప్పైంది" అన్నాను. ఆమె లేచింది. దీపంలో నూనె పోసి, వత్తి సరిచేసి, మళ్లీ వచ్చి చాప మీద కూర్చుంది. నేను లేచాను.

చావింటి నుంచి వచ్చేటప్పుడు పోయొస్తానని చెప్పకూడదు. ఇంటివాళ్లు మళ్లీ రమ్మని అనకూడదు. ఎన్నో ఇళ్లకు అట్లా పోయాను, మాట లేకుండా లేచి వచ్చాను. ఎప్పుడూ కష్టమనిపించలేదు. ఆ రోజు మాత్రం గడప దగ్గర ఆగాను. తిట్టయినా సరే, ఒక్క మాట కావాలనిపించింది. ఆమె ఏమీ అనలేదు. అనకూడదు కాబట్టి అనలేదో, నాతో మాట లేదు కాబట్టి అనలేదో నాకు ఎప్పటికీ తెలియదు. నేను చెప్పులు వేసుకుని, గల్లీ మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూసేదాకా, ఆమె తెరిచిన తలుపులోంచి నన్నే చూస్తూ కూర్చుని ఉంది.