ఆయుధపూజకు శుభ్రం చేసిన కంప్యూటర్

ఆ రోజుల్లో ధర్మవరంలో కంప్యూటర్ నేర్చుకున్నవాడికి ఎంత గౌరవం ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ ఛాతీ కాస్త పొంగుతుంది. ఆ గౌరవానికి నేనెంత తగినవాడినో తలుచుకుంటే మాత్రం వెంటనే దిగిపోతుంది. అనంతపురంలో ఆరు నెలల కోర్సు చేసి వచ్చాను, అదే నా పాండిత్యం. మా నాయన పట్టుచీరల అంచులకు డిజైన్లు గీసేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కొక్క గడీ పెన్సిల్‌తో నింపుతూ మామిడి పిందెలూ హంసలూ తెప్పించేవాడు. ఆ కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొడతారు, ఆ అట్టల్ని మగ్గానికి ఎక్కిస్తే చీరకు అంచు పడుతుంది. "ఇంకా పెన్సిలేంది నాయనా, లోకం యాడికో పోయింది" అని నేను రెండు నెలలు ఆయన చెవిలో జోరీగలా పోరాను. పాపం ఆయన ఎవరో వాడి వదిలేసిన కంప్యూటరూ, డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్ సీడీ కొనుక్కొచ్చి పెన్సిళ్లు పక్కన పెట్టేశాడు. (పక్కన పెట్టేటప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నేను చూడలేదు. వైర్లు తగిలించే హడావుడిలో ఉన్నాను.)

ఆ ఏడాది దసరా వచ్చింది. మా ఊళ్లో ఆయుధపూజ అంటే మగ్గాలన్నీ ఆపి, దుమ్ము దులిపి, పోగును అటూ ఇటూ నడిపే నాడెలూ కత్తెరలూ కడిగి అన్నిటికీ గంధం కుంకుమ పెడతారు. అందరూ వాళ్ల పనిముట్లు శుభ్రం చేసుకుంటుంటే నేను ఊరుకుంటానా? పైపైన గుడ్డతో తుడవడం చదువురానివాళ్ల పని కాబట్టి, నేను కంప్యూటర్‌ను లోపల శుభ్రం చేశాను. పేరు చూసి అర్థం కాని ఫైళ్లన్నీ చెత్తేనని తీర్మానించి తీసేశాను. (అర్థం కానివి చాలానే ఉన్నాయి.) తర్వాత అమ్మ గంధం గిన్నె పట్టుకొచ్చి మానిటర్‌కూ, కీబోర్డుకూ, మౌసుకూ, చివరికి సీడీకి కూడా బొట్లు పెట్టి హారతిచ్చింది.

పండగైన మర్నాడు సోడాబుడ్డి మామ వచ్చాడు. (లావు అద్దాల నేతగాడు, వరసకు మామ.) మగ్గానికి పోగులు ఎక్కించుకుని మా అంచు కోసం కాచుకుని ఉన్నాడు. శుక్రవారం సాయంత్రానికి అట్టలు చేతికి రాకపోతే ఆ చీర నేసే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని షావుకారు చెప్పాడట. డిజైన్ అప్పటికే కంప్యూటర్‌లో సిద్ధంగా ఉంది, ప్రింటు తీయడమే తరువాయి. దర్జాగా సాఫ్ట్‌వేర్ తెరిచాను. తెరపైకి ఒక బూడిదరంగు పెట్టె వచ్చి, తనను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలని, సీడీ పెట్టమని అంది. వద్దని నొక్కాను. మళ్లీ వచ్చింది. సీడీ పెట్టాను. లోపల గిర్రున తిరిగి, పిండిమరలా మూలిగి, మళ్లీ సీడీ పెట్టమంది. "పెట్టినా కదా!" అని అరిచాను. నా అరుపుకు మామ లేచి నిలబడ్డాడు.

మూడు రోజులు ఆ పెట్టెతో కుస్తీ పట్టాను. ఆపి వేశాను, వేసి ఆపాను, కంప్యూటర్‌ను ఒక పక్కకు వంచి కూడా చూశాను. కోర్సు చెప్పిన సారుకు ఫోన్ చేస్తే "అంతా ఫార్మాట్ కొట్టెయ్" అన్నాడు, ఉల్లిగడ్డ తరిగెయ్ అన్నంత సులభంగా. కొడితే డిజైన్లన్నీ పోతాయి. మామ రోజూ పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు.

"ఏమప్పా అల్లుడా, ఏమంటాంది నీ పెట్టె?"

"సీడీ అడుగుతాంది మామా."

"అడిగేది ఇచ్చెయ్ మల్ల! దానితో నీకేం పంతం?"

బుధవారం నాయన గళ్ల కాగితం ముందేసుకుని అరుగు మీద మామ పక్కన కూర్చున్నాడు. "ఒక్క రోజు ఆగు నాయనా, అయిపోతాది" అన్నాను. "నీ పని నువ్వు చూస్కోప్పా. నేను ఊరికే చెయ్యి ఆడిస్తాండా" అన్నాడు తలెత్తకుండా.

శుక్రవారం పొద్దున నేను నూరోసారి సీడీ పెడుతుంటే టీ తెచ్చిన అమ్మ గట్టిగా అరిచింది. "ఏందిరా, బొట్టు పెట్టిన మొహాన్ని బోర్లేసి లోపలికి తోస్తాండావు? దండం పెట్టుకున్న వస్తువురా అది!"

తిప్పి చూశాను. మెరిసే వైపు ఐదు గంధం బొట్లు, వాటి మీద కుంకుమ, ఎండి గట్టిపడి ఉన్నాయి. కంప్యూటర్ చదవాల్సింది ఆ వైపే. మూడు రోజులూ పైనున్న రాతలు చూసి లోపలికి తోశానే తప్ప అడుగు చూసిన పాపాన పోలేదు.

"ఈ పక్క యెందుకు పెట్టినావమ్మా?"

"నువ్వే కదరా చెప్పింది? దీనికి మొహం యా పక్క అంటే, మెరిసే పక్క అంటివి!"

నిజమే, అన్నాను. ఆ రోజు తల తిప్పకుండా పండితుడిలా అన్నాను. పూజ బొట్టు చెరపగూడదని అమ్మ పట్టుబట్టింది. బతిమాలితే, ముందు రాతల వైపు కొత్త బొట్టు పెట్టి, దేవుడికి సర్దిచెప్పుకుని, అప్పుడు తడిగుడ్డతో తానే తుడిచి ఇచ్చింది. సీడీ పెట్టాను. గిర్రున తిరిగింది, మూలగలేదు. ఆ బూడిదరంగు పెట్టె ఏవో లెక్కలు చూపించి మాయమై మళ్లీ రాలేదు. ప్రింటు తీసుకుని ఎగురుకుంటూ అరుగు మీదికి పోయాను. నాయన దాన్ని చాలాసేపు చూసి, "బాగుండాది. పో, అట్టలు కొట్టేవానికి ఇచ్చి రా" అన్నాడు. సాయంత్రానికి అట్టలొచ్చాయి, చీర మామకే దక్కింది.

తర్వాత వారం రోజులు ఆ మగ్గాన్ని నేనే కాపాడానని ఊరంతా చెప్పుకున్నాను. ఆఖరికి మామ మగ్గం దగ్గరికే పోయి ఆయనకే చెప్పబోయాను. మామ నాడె ఆపి అద్దాల పైనుంచి చూశాడు.

"ఊరుకోప్పా. మీ నాయన ఆ అంచు శుక్రవారం పొద్దున్నే గీసి ముగించినాడు. కాగితం నా చేతికి ఇచ్చినాడు గూడా. నువ్వు ఎగురుకుంటా వచ్చేది చూసి మల్ల గుంజుకున్నాడు. మావాడు తీసిందే పోనీలే అన్నాడు."

ఇంటికొచ్చి నాయన పక్కన కూర్చున్నాను. ఆ హంసల గళ్లు ఎలా లెక్కపెడతావని అడిగాను. ఆయన కాస్త జరిగి చోటిచ్చాడు.

ఇప్పుడు మా అమ్మాయి నా ఫోను లాక్కుని, అందులో ఊరికే వచ్చిపడే ప్రకటనలు ఆపడానికి అరగంట తంటాలు పడుతుంది. ఎక్కడ నొక్కితే ఆగుతాయో నాకు తెలుసు. చేతులు ముడుచుకుని కూర్చుంటాను. మొన్న అది గెలిచి, ఫోను నా ఒళ్లో పడేసి, "ఇంత చిన్న పని కూడా రాదా నాయనా నీకు?" అంది.

"రాదమ్మా" అన్నాను.